జనాజా ముందు సైదా అనని మాట

శామీర్‌పేట, బాలికల హాస్టల్
25 జనవరి 2025, శనివారం

సైదా చాచీకి, నౌరీన్ సలాం.

ఎలా ఉన్నావని అడగడానికి కలం ఆడడం లేదు. మన్నాన్ చాచాను చివరిసారి చూడలేకపోయాను. మంగళవారం మధ్యాహ్నం పరీక్ష హాల్లోంచి బయటికొస్తే వార్డెన్ మేడమ్ మెట్ల దగ్గరే ఆపి చెప్పింది. సోమవారం సాయంత్రమే పోయాడట, జోహర్ నమాజు కాగానే మట్టి కూడా ఇచ్చేశారట. పరీక్ష అయ్యేదాకా చెప్పొద్దని అబ్బానే అన్నాడట. సొంత చాచా పోతే నేను కూర్చుని పేపరు రాస్తున్నాను! ఆ కోపం అబ్బా మీద ఇంకా ఉంది.

నిన్న అబ్బా వచ్చి ఇంకో సంగతి చెప్పాడు. అది విన్నాక రాత్రి అన్నం తినలేకపోయాను. చాచాను మోసుకెళ్లే జనాజా లేపే ముందు ఆడవాళ్లు నిన్ను పట్టుకుని తీసుకొచ్చి, "మెహర్ మాఫ్ జేసిన అను బిడ్డా" అన్నారట. నువ్వు "చెయ్య" అన్నావట. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే మాటట. అది చెప్పి అబ్బా, "నా తమ్ముడు బరువుతోని పోయిండు, గా ఒక్క మాట అననీకి ఆమెకు నోరు రాలె" అన్నాడు.

మా రూమ్మేట్ కావ్యకు ఇదంతా విప్పి చెప్పడానికి పావుగంట పట్టింది. పెళ్లినాడు మొగుడు పెళ్లానికి ఇస్తానని ఒప్పుకునేది మెహర్ అనీ, బతికుండగా ఇవ్వకపోతే పోయిననాడు ఆమె మాఫ్ చేస్తే గానీ అతని మీది బరువు దిగదని మన పెద్దవాళ్లు అంటారనీ చెప్పాను. "ఏడ్చుకుంట కూసున్న మనిషిని గది గూడ అడుగుతరా?" అంది. అడుగుతారు, అందరూ అంటారు, మా దాదీ కూడా అంది అన్నాను. "మరి మీ చాచీ ఎందుకనలె?" అంది.

ఇంకో విడ్డూరం చెప్పనా? మంగళవారం నేను రాసింది ఇంగ్లీషు పేపరు. ఒకరిని బరువు నుంచి విడిపించడం అనే అర్థం వచ్చే మాటలు రాయమన్నారు. రిలీజ్, రిలీవ్, ఎక్స్‌క్యూజ్, ఎగ్జెంప్ట్, వేవ్, డిశ్చార్జ్, అబ్సాల్వ్ అని ఏడూ గబగబా రాసి సంతోషంగా బయటికొచ్చాను. అదే గంటలో అక్కడ నువ్వు ఆ ఒక్క మాట అనలేదు.

చాచీ, ఒకటి అడుగుతాను, తిట్టకు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో పడుకున్నాను. గోడ అవతల చాచా "మళ్ల! మొదటి నుంచి, మళ్ల!" అని అరుస్తున్నాడు. నువ్వు ఏడుస్తున్నావు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆయన నిన్ను కొట్టేవాడా? అందుకేనా మాఫ్ చేయలేదు?

నిజం రాయి. నేను నీ పక్షమే.

నీ నౌరీన్


అత్వెల్లి
30 జనవరి 2025

నౌరీన్‌కు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టాలనిపించింది. మీ చాచా నన్ను కొట్టడమా! ఆయన దోమను కొట్టడానికి కూడా పది నిమిషాలు ఆలోచించే మనిషి.

ఇద్దత్‌లో ఉన్నాను. నాలుగు నెలల పది రోజులు గడప దాటేది లేదు. మీ చాచా ఫోను అయాన్ దగ్గర ఉంది, వాడు పొద్దున్నే దాన్ని జేబులో వేసుకుని గౌడవెల్లి కంపెనీకి పోతాడు. వచ్చాక నాతో మాట్లాడడు. జనాజా రోజు నుంచీ అంతే. కన్నకొడుకు పళ్లెం ముందుకు జరిపి "అన్నం" అంటాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. పక్కింటి ఈదమ్మ ఒక్కతే వచ్చి కాసేపు కూర్చుంటుంది, ఈ ఉత్తరం డబ్బాలో వేసేది కూడా ఆమే. నువ్వూ నేనూ ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గానీ రాయడం ఇద్దరికీ రాదు, బడిలో నేర్చిన తెలుగే దిక్కు. కాగితం వెనకవైపు అచ్చు కనిపిస్తే కంగారు పడకు. మీ చాచా పాడుచేసిన దస్తావేజు కాగితాలు కట్టలు కట్టలున్నాయి ఇంట్లో.

ఇక విను. నా నిఖా నాటికి నాకు పంతొమ్మిదేళ్లు. పదిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పాను. మా అబ్బా అంతకు మూడేళ్ల ముందు రావల్కోల్‌లో ఉన్న రెండెకరాల మీద ఒక ఇంగ్లీషు కాగితానికి వేలిముద్ర వేశాడు. కౌలు కాగితమని చదివి వినిపించారు. అది అమ్మకం కాగితం. ఆ తర్వాత మా అబ్బా ఎవరు ఏ కాగితం తెచ్చినా చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

నిఖానాడు నా ఒప్పుదల అడగడానికి వకీల్ సాబ్ పరదా దగ్గరికొచ్చి మెహర్ ఏం రాయమంటారని అడిగాడు. పెద్దవాళ్లు ఏదో అంకె అనుకుని ఉన్నారు. నేను నోరు తెరిచి, "పైసలొద్దు. చేతికొచ్చిన ఇంగ్లీషు కాగితం ఎవ్వరి సాయం లేకుంట సదువుకునేటట్టు నాకు నేర్పాలె, గదే నా మెహర్" అన్నాను. మా అమ్మీ నా తొడ గిల్లింది, ఆ మచ్చ వారం దాకా పోలేదు. మగవాళ్ల వైపు నుంచి ఎవరో "పిల్లకు దిమాక్ ఖరాబైందా" అన్నారు. మీ చాచా గట్టిగా నవ్వి "కబూల్" అని ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు టేబుల్ వేసుకుని దస్తావేజులు రాయడం మొదలుపెట్టి ఏడాది.

నువ్వు విన్న "మళ్ల" అదే. ఇంటికి కాగితాలు తెచ్చేవాడు. చిత్తుప్రతి నేను పైకి చదవాలి, ఆయన అసలుప్రతితో పోల్చుకోవాలి. ఒక్క అక్షరం తప్పు పోయినా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఆ రోజు రిలింక్విష్‌మెంట్, అంటే హక్కు వదులుకోవడం, అనే మాట దగ్గర నా నాలుక మడతపడిపోయింది. ఎనిమిదిసార్లు అనిపించాడు. ఏడవకేం చేయను?

కానీ అది మెహర్ ముట్టడం కాదు. అది చాకిరీ. ఆయనకు జీతానికి మనిషి దొరక్క నన్ను కూర్చోబెట్టాడు. ఆయన పక్కన లేకుండా ఇరవై నాలుగేళ్లలో నేను ఒక్క కాగితం చదివిందీ లేదు, అర్థం చేసుకున్నదీ లేదు. తప్పితే దిద్దేవాడు, తెలియకపోతే చెప్పేవాడు. పరీక్ష రాయిస్తా అని ఏటా అనేవాడు. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

మీ దాదా పోయిననాడు మీ దాదీని జనాజా దగ్గరికి తెచ్చి ఆ మాట అనిపించారు కదా. ముప్పై ఏళ్లలో చారానా చేతిలో పెట్టని మనిషిని ఆమె ఏడుస్తూ మాఫ్ చేసింది. మీ చాచా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "సైదా, నేను పోయిన్నాడు నువ్వు గా మాట అనొద్దు. నేర్పే పోత. నేర్పకుంట పోతే బాకీతోనే పోత. నలుగుర్ల నిన్ను నిలవెట్టి అనిపిస్తే నా ఇజ్జత్ పోతది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

ఒట్టు వేశాను, నిలబెట్టుకున్నాను. ఆయన మొహం చూస్తూ మూడుసార్లు "చెయ్య" అనడం ఎంత కష్టమో నీకు తెలియదు. అందరూ శాపం పెట్టినట్టు చూశారు. ఎవరో నా మోచెయ్యి వదిలేశారు కూడా.

నువ్వు రాసిన ఏడు మాటలూ నాకు తెలుసు. మీ చాచా తిన్న అన్నం ఆ మాటలదే. ఎక్స్‌క్యూజ్ అంటే మీ వార్డెన్ నీకు చేయనిది. రిలీజ్ అంటే రావలసింది ఉందని తెలిసీ వదిలేయడం. డిశ్చార్జ్ అంటే ముట్టాల్సింది ముట్టాక ఇక నీ మీద ఏమీ లేదని చెప్పడం. మీ చాచా డిశ్చార్జే కావాలన్నాడు. దానికి ముందే పోయాడు.

ఇది ఎవరికీ చెప్పకు. వింటే నవ్వుతారు, ఆ నవ్వు ఇప్పుడు నాకు వద్దు. బాగా తిను, పరీక్షలు మంచిగ రాయి.

నీ సైదా చాచీ


శామీర్‌పేట
4 ఫిబ్రవరి 2025

చాచీ,

నీ ఉత్తరం బాత్రూములో కూర్చుని చదివాను. బయట బకెట్లతో నలుగురు తలుపు కొడుతున్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. దోమను కొట్టడానికి పది నిమిషాలన్న దగ్గర నవ్వాను కూడా. చాచాను గురించి అలా అనుకున్నందుకు నా నోట్లో మన్ను పడ.

కానీ చాచీ, నేనొక పని చేశాను. నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను.

ఆదివారం హాస్టల్ ఫోనుకు అబ్బా చేశాడు. నీ సంగతే. "సైదాకు ఇల్లు గావాలె. మెహర్ పేరు జెప్పి రేపు అయాన్‌ను బజార్ల నిలవెడ్తది. లేకుంటే గంత పట్టుదల ఎందుకు?" అన్నాడు. అది విని నేను ఊరుకోలేకపోయాను. అబ్బా, చాచీ అడిగింది పైసలు కాదు, ఇంగ్లీషు నేర్పమంది, చాచానే మాఫ్ చేయొద్దని ఒట్టు వేయించుకున్నాడు అని మొత్తం చెప్పేశాను. వెనక నాలుగు నిమిషాలు దాటాయని వార్డెన్ గంట కొడుతోంది, గబగబా చెప్పాను.

అబ్బా మొదట "ఇంగ్లీష్ నేర్పుడు మెహరా! గట్ల గూడ రాస్తరా!" అన్నాడు. మళ్లీ ఆయనే, "సరే, నలుగుర్ల అననని ఒట్టేసిందంటివి. కాగితం మీద రాసిస్తే నోటితోని అన్నట్టు గాదు కదా. ఒట్టు నిలవడ్తది, తమ్ముని బరువు దిగుతది" అన్నాడు. ఆ గొంతులో ఎంత సంతోషమో! జైపాల్ అంకుల్‌తో కాగితం రాయిస్తానన్నాడు. చాచా పక్క టేబులు ఆయనదే కదా.

నాకు అప్పుడు మంచిగానే అనిపించింది. ఫోను పెట్టేశాక కావ్య అంది, "మీ చాచీ ఎవ్వలకు జెప్పొద్దన్నది గదనే" అని. నేను మంచికే చెప్పాను చాచీ. అబ్బా రోజూ నిన్ను తిట్టుకుంటూ తిరగడం కంటే అసలు సంగతి తెలిస్తే మేలనుకున్నాను.

ఆయన కాగితం తెస్తే నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పెయ్. అరవకు. ఆయనకు బీపీ ఉంది.

అయాన్‌కు నేను వేరే ఉత్తరం రాయనా? వాడికి చిన్నప్పటి నుంచీ నేనంటే భయం. నాలుగు తిడితే దారికొస్తాడు.

తప్పు చేసిన నౌరీన్


అత్వెల్లి
8 ఫిబ్రవరి 2025

నౌరీన్,

సలాం గిలాం ఏమీ లేదు ఇవాళ. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

మీ అబ్బా గురువారం పొద్దున వచ్చాడు. నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మాఫ్ జెయ్యి బిడ్డా, నిన్ను తప్పుగ అనుకున్న. నౌరీన్ అంత జెప్పింది" అన్నాడు. నా గుండె కరిగిపోయింది, నీ మీద కోపం కూడా పోయింది. తర్వాత సంచిలోంచి స్టాంపు కాగితం తీశాడు. "గీడ సంతకం వెట్టు. మన్నాన్‌ను విడిచిపెట్టినట్టు కాగితం. ఇంగ్లీషుల రాయించిన, పక్కా ఉంటది" అన్నాడు. కలం కూడా ఆయనే తెచ్చాడు.

చాయ్ పెట్టి వస్తానని కాగితం పట్టుకుని వంటింట్లోకి పోయాను. పొయ్యి దగ్గర నిలబడి చదివాను. మొదటి పేజీ బాగానే ఉంది. నా పేరు, మీ చాచా పేరు, నిఖా తేదీ, మెహర్ మాట. రెండో పేజీ మూడో పేరాలో ఇల్లు వచ్చింది! ఇంటి నంబరు, నాలుగు వైపుల హద్దులు, తూర్పున ఈదమ్మ గోడతో సహా. మన్నాన్ తరఫున నాకు వచ్చే వాటా అంతా నేను ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా వదులుకుంటున్నానట. ఇకమీదట నాకు గానీ నా తరఫువాళ్లకు గానీ ఏ హక్కూ ఉండదట. ఆ వాటా ఎవరికి పోతుందో తెలుసా? మహమ్మద్ రహీల్‌కు. మీ అబ్బాకు! అయాన్‌కు కూడా కాదు.

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. నాకు సోయి లేదు. మా అబ్బా వేలిముద్ర వేసిన రోజు కళ్ల ముందు తిరిగింది. చనిపోయిన తమ్ముడి బరువు దించుతానని కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చి, తమ్ముడి పెళ్లాం ఇల్లు రాయించుకుంటాడా మనిషి? అంత ఏడుపూ నాటకమా?

బయటికొచ్చి, "ఇయ్యాల చేతులాడ్తలేవు భాయ్‌సాబ్, తర్వాత పెడ్త" అన్నాను. అరవలేదు. నీ మాట విన్నాను, ఆయన బీపీ కోసం. ఆయన తల ఊపి, "నిమ్మళంగ పెట్టు బిడ్డా, వచ్చే శుక్రవారం షబే బరాత్ లోపట అయితే మంచిది" అని వెళ్లిపోయాడు. ఎంత మర్యాదగా అన్నాడో! కాగితం బియ్యం డబ్బా కింద పెట్టాను. నేను అయాన్‌తో చెబితే వాడు నమ్మడు. వాడి దృష్టిలో మీ అబ్బా దేవుడు, నేను దయ్యం.

నువ్వు చదువుకున్నదానివి. ఏం చేయమంటావో రాయి. ఇంక ఈ ఇంట్లో నాకెవరున్నారు.

సైదా


శామీర్‌పేట
11 ఫిబ్రవరి 2025

చాచీ, నా చాచీ,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. టిఫిన్ చేయలేదు. వార్డెన్ మేడమ్ కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఫోను తీసుకున్నాను. అబ్బా ఎత్తగానే సలాం కూడా చెప్పలేదు. చాచీ ఇల్లు రాయించుకోవడానికి సిగ్గులేదా అని అడిగాను. మా అబ్బాతో నేను ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆయన "ఏ ఇల్లు?" అన్నాడు. ఏ ఇల్లని నన్నే అడుగుతున్నాడు! తర్వాత అరిచాడు. "నేను మెహర్ కాగితం రాయమన్న, ఇల్లెక్కడిది? జైపాల్ ఎవ్వల పేరు మీద అంటే, అడిగేది నేను గదా, నా పేరు రాయమన్న" అన్నాడు. అబద్ధాలు చెప్పొద్దు, నేను ఇంక ఇంటికి రాను, సెలవుల్లో కావ్య వాళ్లింటికి పోతాను అన్నాను. ఫోను అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది. తర్వాత అమ్మీ గొంతు, "ఏమన్నవే మీ అబ్బాను? మంచం మీద కూసున్నడు, మాట్లాడ్తలేడు." నేను పెట్టేశాను.

పెట్టేశాక ఆగకుండా ఏడ్చాను. అది మా అబ్బా చాచీ. నా ఫీజు కోసం సైకిలు మీద ఆకుకూరలు అమ్మిన మనిషి. ఆయన ఇలా చేస్తాడంటే ఇంక లోకంలో ఎవరిని నమ్మాలి? కావ్య అంది, "ఒక్కసారి ఆలోచించు, చదివి చెప్పినోళ్లు తప్పు చెప్పిండ్రేమో" అని. ఆ మాట నా బుర్రలో పడింది.

అందుకే అడుగుతున్నాను. ఆ కాగితం నీకు చదివి చెప్పింది ఎవరు? మొత్తం ఇంగ్లీషులో ఉందని నువ్వే రాశావు, చాచా పక్కన లేకుండా ఒక్క కాగితం చదవలేదని కూడా నువ్వే రాశావు. అయాన్‌కు ఇంగ్లీషు రాదు. ఈదమ్మకు తెలుగు చదవడమే రాదు. మరి ఎవరు? నీకూ అబ్బాకూ గొడవ పెట్టడానికి ఎవరైనా లేనిది చదివారా? పేరు రాయి. ఆ మనిషిని అబ్బా ముందు నిలబెట్టి అడుగుతాను. మా అబ్బా దొంగ అని ఖాయం చేసుకునే ముందు నాకు ఆ ఒక్క పేరు కావాలి.

జల్దీ రాయి. రెండు రోజుల్లో రావాలి నీ జవాబు.

నౌరీన్


అత్వెల్లి
15 ఫిబ్రవరి 2025, శనివారం

బంగారు నౌరీన్‌కు,

ముందు మీ అబ్బా సంగతి. ఆయన దొంగ కాదు. నేనే తొందరపడ్డాను, నిన్ను కూడా తోశాను. వెంటనే ఫోను చేసి ఆయనను మాఫీ అడుగు, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం వచ్చింది. ఈదమ్మ ఇచ్చి గుమ్మంలోనే కూర్చుంది. చదువుతూ పోతున్నాను. "చదివి చెప్పింది ఎవరు?" అన్న దగ్గర ఆగిపోయాను. ఎవరు చదివారు? పేరు కోసం వెతుక్కున్నాను నౌరీన్, నిజంగా వెతుక్కున్నాను. ఆ రోజు ఇంటికి ఎవరొచ్చారు, ఎవరి చేతికిచ్చాను అని. ఎవరూ రాలేదు. మీ అబ్బా బయట మంచం మీద ఉన్నాడు. వంటింట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

లేచి బియ్యం డబ్బా కింది నుంచి కాగితం తీశాను. మళ్లీ చదివాను. అడుగున సాక్షుల పేర్ల దాకా చదివాను. ఆగిన మాట ఒక్కటి లేదు. అర్థం కాని మాట ఒక్కటి లేదు. ఇంతకంటే ఏం చెప్పను? కింద కూర్చుండిపోయాను. ఈదమ్మ పరుగున వచ్చి, "ఏమైందే సైదా, ఎవలన్న పోయిండ్రా?" అంది.

చేతికొచ్చిన ఇంగ్లీషు కాగితం ఎవ్వరి సాయం లేకుండా. నేనడిగింది అదే కదా! ఎప్పుడు ముట్టిందో నాకే తెలియదు. పదేళ్ల కిందటో, పదిహేనేళ్ల కిందటో. ఆయన పక్కనే కూర్చుంటే ఆయన సాయంతోనే చదువుతున్నాననుకున్నాను. ఆయనకూ తెలియదు. ఇంకా నేర్పాల్సింది ఉందనే అనుకుంటూ పోయాడు పిచ్చి మనిషి.

కోపంతో మొదటిసారి చదివినప్పుడు కనబడనిది రెండోసారి కనబడింది. ఆ మూడో పేరా ఒక్క అక్షరం మారకుండా నాకు నోటికి వచ్చు. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల దగ్గర వాటా వదులుకున్నట్టు రాయించుకునే కాగితంలో ఉండే పేరా అది. దస్తావేజులు రాసే టేబుళ్ల మీద రిలీజ్ అంటే ఆ ఒక్క నమూనాయే ఉంది. పేర్లు మార్చడం, ఇంటి వివరాలు దించడం, ప్రింటు తీయడం. మీ అబ్బా పోయి మన్నాన్ పెళ్లాం విడిచిపెట్టినట్టు కాగితం కావాలంటే, జైపాల్ మా ఇంటి వివరాలు కంప్యూటర్లోంచి తీసి నింపేశాడు. ఎవరి పేరు మీద అంటే ఈయన తన పేరు చెప్పాడు. మెహర్ మాఫీకి స్టాంపు కాగితం రాయించిన మనిషి ఈ మండలంలో ఇంతకుముందు ఉంటే గదా, వాళ్లకు నమూనా ఉండడానికి! సాయంత్రం మీ అబ్బా వస్తే ఆ పేరా చదివి తెలుగులో చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. కాగితం గుంజుకుని నాలుగు ముక్కలు చేశాడు. "నౌరీన్ సిగ్గులేదా అన్నది నన్ను. ఉత్తగ అనలె" అని గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత తల తిప్పి, "నువ్వు సదివినవా? మొత్తం?" అన్నాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

నిన్న జుమ్మాకు ముందు ఒక చీటీ రాసి అయాన్ ముందు పెట్టాను. "మన్నాన్ దగ్గర నాకు రావలసిన మెహర్ పూర్తిగా ముట్టింది. నేను మాఫ్ చేయలేదు, చేయడానికి ఏమీ మిగల్లేదు. సైదా." వాడు చదివి, "గిప్పుడెట్ల ముట్టింది?" అన్నాడు. ఇరవై నాలుగు రోజుల తర్వాత "అన్నం" కాకుండా వాడు నాతో అన్న మొదటి మాట. అంతా చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. ఇమామ్ సాబ్‌ను అడిగి, నమాజు అయ్యాక అందరూ లేవకముందే వాడే నిలబడి చదివాడట. ఎవరో మళ్లీ చదవమన్నారట. ఎవరూ నవ్వలేదని మీ అబ్బా చెప్పాడు.

ఊళ్లో బరువు దిగింది. నా మీద పడింది నౌరీన్. ముట్టించిన మనిషిని నేను అందరి ముందు బాకీదారును చేశాను. "ముట్టింది" అని ఒక్క మాట అంటే చాలు, మొహం తేటపడి పోయేవాడు. ఒట్టు నిలబెడుతున్నానని గర్వంగా మూడుసార్లు "చెయ్య" అన్నాను. ఈ తప్పు ఎవరితో మాఫ్ చేయించుకోను? చేయాల్సినవాడు ఆయన ఒక్కడే.

గడప దాటలేను కదా. సాయంత్రం అయాన్‌ను కబరస్తాన్‌కు పొమ్మన్నాను. "మీ అబ్బా కబర్ తలాపున కూసోని, అమ్మీ మాఫ్ చెయ్యమంటున్నది అని చెప్పి రా" అన్నాను. వాడు ఏమీ అడగకుండా చెప్పులేసుకుని పోయాడు. మగ్రిబ్ నమాజు వేళకు వచ్చి కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"చెప్పిన అమ్మీ" అన్నాడు.

ఏమన్నడురా అని అడగబోయాను. నోటి దాకా వచ్చింది ఆ మాట.

నీ సైదా చాచీ